ఎద్దుమైలారం బండి

మా ఊళ్లో ఆర్మీ సెలక్షన్ల కోసం పొద్దున్నే పరుగులు తీసే కుర్రాళ్లు నేను కనబడితే చాలు, చుట్టూ మూగి అడిగేది ఒకటే. "చిన్నాన్నా, మన దగ్గర ట్యాంకులెన్ని? చైనా వాళ్ల దగ్గర ఎన్ని?" నేను నోరు తెరిచేలోపే ఫోన్లో చూసిన లెక్కలు వాళ్లే చెప్పేస్తారు. ఆ ఉత్సాహం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అయితే సర్వీసంతా సైన్యం బళ్లు, యంత్రాలు రిపేరు చేసే ఈఎంఈ విభాగంలో గ్రీజు చేతులతో గడిపినవాణ్ణి కాబట్టి నాకు తట్టే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. ఆ లెక్కలో ఇవాళ పొద్దున సెల్ఫ్ కొడితే లేచేవి ఎన్ని? దారిలో ఆగిపోయినదాన్ని ఎవరు లేపుతారు, ఎక్కడ లేపుతారు, దాని స్పేర్ ఏ ఊరి నుంచి రావాలి? ఇవేవీ తెలియకుండా ఒక సైన్యం దగ్గర ఎన్ని బళ్లున్నాయో తెలిసి లాభం లేదు.

ఆ సంగతి చెప్పడానికి నాకు బాగా తెలిసిన బండి ఒకటుంది. బీఎంపీ-2, జవాన్లను మోసుకెళ్లి పోరాడే ట్రాకుల బండి. మన ఫ్యాక్టరీ పెట్టిన పేరు శరత్. నేను సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్లో ట్రైనింగ్ చేసి, ట్రాకుల మీద నడిచే బళ్ల మెకానిక్‌గా ట్రేడ్ తీసుకుని, హవల్దార్‌గా రిటైరయ్యేదాకా ఎక్కువ కాలం దీని పొట్టలో తల పెట్టే బతికాను. ఏ యూనిట్లో, ఏ లొకేషన్లో అన్నది రాయను. ఇక్కడ చెప్పే సంగతులన్నీ బయట అందరికీ తెలిసినవే.

ముందు పుట్టిల్లు చెప్తాను. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం. అక్కడి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 1984లో మొదలైంది. అప్పటికి అది మెదక్ జిల్లా, ఆ నియోజకవర్గం ఎంపీ సాక్షాత్తూ ప్రధాని ఇందిరాగాంధీయే. సోవియట్ యూనియన్ నుంచి లైసెన్సు తీసుకుని 1987లో తొలి బళ్లు బయటికి తెచ్చారు. మొదట్లో అక్కడి నుంచి విడిభాగాలు వస్తే ఇక్కడ బిగించేవారు, తర్వాత ఒక్కొక్క భాగమే ఇక్కడ తయారవుతూ వచ్చింది. దీని మీద పెట్టే, ట్యాంకుల్ని కొట్టే కొంకుర్స్ మిసైల్ కూడా ఆ జిల్లాలోదే, భానూరులో బీడీఎల్ (భారత్ డైనమిక్స్) యూనిట్ తయారుచేస్తుంది. రాజస్థాన్ ఇసుకలోనో లద్దాఖ్ మంచులోనో ఈ బండిని చూస్తే ఇంటి పక్కవాడు కనబడినట్టే ఉండేది నాకు. 2021 అక్టోబర్లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లింది.

చాలామంది దీన్ని ట్యాంకు అనుకుంటారు. ట్రాకులున్నాయి, టరెట్ ఉంది, తుపాకీ ఉంది కాబట్టి అలా అనుకోవడం సహజం. కానీ ట్యాంకు పని వేరు, దీని పని వేరు. టీ-72 బరువు 41 టన్నులు, టీ-90 46 టన్నులు. ఇదేమో పద్నాలుగు టన్నుల పైచిలుకు. డ్రైవర్, గన్నర్, కమాండర్ ముగ్గురు పోను ఏడుగురు జవాన్లు లోపల కూర్చుంటారు. ట్యాంకులతో సమానంగా పరుగెత్తి, ఆ జవాన్లను శత్రువు దగ్గరదాకా తీసుకెళ్లి దించి, వెనక నుంచి తన తుపాకీతో వాళ్లకు కాపు కాయాలి. ఇది రాకముందు మన వాళ్ల దగ్గర టోపాస్, స్కాట్ అని చెకోస్లొవేకియా, పోలండ్‌ల నుంచి తెచ్చిన క్యారియర్లు ఉండేవి. అవి జవాన్లను మోసేవి, అంతకు మించి పోరాడే బళ్లు కావు. 1979లో బళ్లలో వెళ్లి పోరాడే కాల్బలంగా మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ ఏర్పడ్డాక ఆ పనికి బీఎంపీ ప్రాణం పోసింది. మొదట బీఎంపీ-1 వచ్చింది, దాని వెనకే ఇది.

దీని గొప్పతనమంతా ఒక్క ముక్కలో చెప్పమంటే, ఈతొచ్చు అంటాను. పంజాబ్ సరిహద్దు చూసినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. అటూ ఇటూ కాలవలే. 1965 యుద్ధంలో లాహోర్ ముందు ఇచ్ఛోగిల్ కాలవ దగ్గర ఎంత పోరాటం జరిగిందో సైన్యంలో చేరిన ప్రతివాడూ విని ఉంటాడు. వాటికి తోడు శత్రు ట్యాంకులు దాటకుండా తవ్విపెట్టే గుంటలు, గట్లు. డిచ్-కమ్-బండ్ అంటాం. ట్యాంకు దాటాలంటే బ్రిడ్జి వేయాలి. ఆ బ్రిడ్జి పడేవరకు అవతలి గట్టున నిలబడి కాసేవాళ్లు కావాలి. ఆ మనుషుల్ని తడవకుండా అవతల దించేది ఈ బండే.

ఈతకు దింపేముందు జరిగే పని చూస్తే బండి మీద గౌరవం పెరుగుతుంది. కింద పొట్టకు ఉన్న డ్రెయిన్ ప్లగ్గులన్నీ బిగించి ఉన్నాయా అని ఒకడు నేల మీద పడుకుని చేత్తో తడిమి చూడాలి. కళ్లతో చూస్తే సరిపోదు, బురద పట్టిన ప్లగ్గు బిగించినట్టే కనబడుతుంది. వెనక తలుపుల రబ్బరు సీళ్లు, పైన హ్యాచ్‌ల సీళ్లు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూడాలి. ఎక్కడ గట్టిపడిందో, ఎక్కడ పగిలిందో వేలికే తెలుస్తుంది. తర్వాత లోపలి నీళ్లను తోడే బిల్జ్ పంపులు ఆన్ చేసి శబ్దం వినాలి. ముందు భాగంలో మడిచిపెట్టిన రేకు పలక ఉంటుంది, దాన్ని నిలబెడితే అలలు డ్రైవర్ మీదికి రాకుండా చీలుతాయి. టరెట్ వెనక గాలి గొట్టం పైకి లేస్తుంది, ఇంజనుకు ఊపిరి అక్కణ్ణించే.

ఇక నీళ్లలోకి దిగాక తోయడానికి పంకాలేమీ ఉండవు. నేల మీద నడిపించిన ట్రాకులే నీళ్లను వెనక్కి తోస్తాయి. గంటకు ఏడు కిలోమీటర్లు. మనిషి గబగబా నడిచినంత వేగం. ముందు భాగం ఒక్క క్షణం కిందికి దిగుతుంది, చూస్తున్న కొత్త మెకానిక్ గుండె జారిపోతుంది, అంతలో తేలుతుంది. నీటి మట్టానికి పైన కనబడే భాగం చాలా తక్కువ. నేను సీళ్లు చూసి పాస్ చేసిన బండి అవతలి గట్టుకు చేరి, వెనక తలుపులు తెరుచుకుని, జవాన్లు పొడి బూట్లతో దిగితే ఆ రోజు అన్నం సహించేది. డ్రైవర్‌కు అసలు పరీక్ష గట్టు ఎక్కేచోట ఉంటుంది. నీళ్లలో బరువు తెలియని బండి బురదలో ట్రాక్ పడగానే మొత్తం బరువు ఒక్కసారిగా గుర్తు చేస్తుంది. అక్కడ గేరు, యాక్సిలరేటర్ సంగతి తెలిసిన డ్రైవర్ లేకపోతే రికవరీ బండి రోప్ వేయాల్సిందే.

తుపాకీ సంగతి. 30 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ గన్. ఐదొందల గుళ్లు బండిలో ఉంటాయి. రెండు బెల్టులు వేరువేరుగా వస్తాయి, ఒకదాంట్లో కవచం తొలిచేవి, ఒకదాంట్లో పేలేవి. ఎదుట ఉన్నది కవచం ఉన్న బండా, బంకర్లోని మనుషులా అన్నదాన్ని బట్టి గన్నర్ స్విచ్ మార్చుకుంటాడు. గొట్టం దాదాపు నిటారుగా, 74 డిగ్రీల దాకా లేస్తుంది. కొండల మీది పోస్టుల్ని, తక్కువ ఎత్తులో ఎగిరే హెలికాప్టర్లను కొట్టడానికి అదే పనికొచ్చింది. ఈ గన్ ఎంత నమ్మకమైనదంటే దీన్నే తీసుకుని నేవీ ఓడల మీదికి సీఆర్‌ఎన్-91 అని ఒక రూపం చేశారు. కొంకుర్స్ మిసైల్‌ది ఇంకో దారి. నాలుగు కిలోమీటర్ల దూరంలోని ట్యాంకును కొడుతుంది, కానీ వెనక సన్నని తీగ విప్పుకుంటూ పోతుంది. తగిలేదాకా గన్నర్ కన్ను టార్గెట్ మీద నుంచి కదలకూడదు. ఎదుటివాడు మన మీద కాలుస్తున్నా సరే. ఆ కొన్ని సెకన్లు అలా నిలబెట్టే గుండె ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాదు.

దీని బలహీనతలు దాచను, దాచితే లోపల కూర్చునే జవానుకు అన్యాయం చేసినట్టే. ఈదాలి కాబట్టి బరువు తక్కువ, బరువు తక్కువ కాబట్టి కవచం పలచన. రైఫిల్ గుళ్లను, షెల్ ముక్కలను ఆపుతుంది. ట్యాంకు గుండును, రాకెట్‌ను ఆపలేదు. కింద పొట్ట బల్లపరుపుగా ఉంటుంది, మైన్ పేలితే దెబ్బంతా లోపలికే. అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైనికులు లోపల కూర్చోకుండా బండి పైన కూర్చుని ప్రయాణించడానికి కారణం అదే. ఇంకోటి నాకు మొదటి రోజు నుంచీ మింగుడుపడనిది. వెనక రెండు తలుపులూ బోలు. వాటిలో డీజిల్ పోస్తారు. పెద్ద ట్యాంకేమో వీపు వీపు ఆనించి కూర్చున్న జవాన్ల మధ్యలో ఉంటుంది. యుద్ధంలోకి వెళ్లేముందు తలుపుల్లోది ఖాళీ అయ్యేలా చూసుకోవాలన్నది పద్ధతి. ఇప్పుడు ఉక్రెయిన్‌లో రెండు వైపులా ఈ బళ్లే తిరుగుతున్నాయి. పైనుంచి డ్రోన్ వచ్చి పలచని కప్పు మీద పడుతుంటే చూడలేకపోతున్నాను. అలాంటి సీట్లలో కూర్చున్న మన పిల్లల ముఖాలు నాకు తెలుసు.

అయినా ఇన్నేళ్లు ఇది నిలబడిందంటే కారణం రిపేరులో ఉంది. దీన్ని గీసినవాళ్లు మెకానిక్‌ను మర్చిపోలేదు. ఇంజను ముందు కుడివైపు, డ్రైవర్ ఎడమవైపు. పై పలకలు విప్పితే ఇంజను, గేర్‌బాక్సు కలిసి ఒకే ముద్దగా రికవరీ బండి క్రేన్‌తో పైకి వచ్చేస్తాయి. రేడియేటర్‌కు ఫ్యానే లేదు. పొగగొట్టం నుంచి వేగంగా పోయే పొగే గాలిని లాక్కుని రేడియేటర్ గుండా నడిపిస్తుంది. ఫ్యాన్ లేదంటే ఫ్యాన్ బెల్టు తెగదు, బేరింగ్ పోదు. బ్యాటరీ చచ్చిపోయినా సిలిండర్లో నింపిపెట్టిన గాలితో ఇంజను స్టార్ట్ చేయొచ్చు. చలిలో ఈ ఒక్క ఏర్పాటు మమ్మల్ని ఎంత కాపాడిందో మాటల్లో చెప్పలేను.

ఎడారిలో శత్రువు వేరు. ఇసుక. అక్కడి ఇసుక పిండిలా ఉంటుంది, ముందు బండి లేపిన దుమ్ము వెనక బండి ఎయిర్ క్లీనర్ తాగుతుంది. దాన్ని శుభ్రం చేయకుండా ఒక్క ఎక్సర్‌సైజు నడిపితే ఇంజను ఆయుష్షు సగం పోయినట్టే. అందుకే బళ్లు హాల్ట్ అయితే మిగతావాళ్లు చాయ్ వైపు, యూనిట్‌తోనే ఉండే రిపేరు జట్టు, మా ఎల్‌ఏడీ వాళ్లు, ఎయిర్ క్లీనర్ వైపు. రాత్రి ట్రాక్ తెగితే పని ఇంకోలా ఉంటుంది. లైటు వేయకూడదు. ముసుగేసిన చిన్న టార్చి వెలుగులో ట్రాకును బిగువుగా ఉంచే వెనక ఐడ్లర్ చక్రాన్ని వదులు చేసి, పోయిన లింకు పిన్నును సుత్తితో కొట్టి బయటికి తీయాలి. ఒకడు డ్రిఫ్ట్ కడ్డీ పట్టుకుంటే ఒకడు కొడతాడు, పట్టుకున్నవాడు కొట్టేవాణ్ణి నమ్మాలి. కొత్త లింకు పెట్టి, రెండు కొసలు దగ్గరికి లాగి, పిన్ను దూర్చి, మళ్లీ టెన్షన్ ఎక్కించాలి. పగలంతా కాలిన ఇనుము రాత్రికి చేతికి అంటుకునేంత చల్లబడుతుంది. ఒకసారి ఓ స్టోరు నుంచి వచ్చిన రబ్బరు సీళ్లు పెట్టెలోనే గట్టిపడి ఉన్నాయి. అవి తిప్పి పంపి కొత్తవి రావడానికి పట్టిన కాలమంతా ఆ బళ్లు నీళ్లలోకి దిగలేదు. కాగితం మీద మాత్రం అవి లెక్కలోనే ఉన్నాయి. కుర్రాళ్లు ఫోన్లో చూసే లెక్కల్లోనూ ఉండే ఉంటాయి.

రిటైరైన తర్వాత ఒక పెళ్లికి సంగారెడ్డి వెళ్తే పంక్తిలో నా పక్కన ఓ పెద్దాయన కూర్చున్నారు. మాటల్లో తెలిసింది, ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారట. నేను ఈఎంఈ అని చెప్పగానే విస్తరి మీంచి చెయ్యి తీసేశారు.

"అయితే మేం బిగించిన బోల్టులు ఇప్పింది నువ్వేనా తమ్మీ?"

"నేనే అన్నా. కొన్ని విప్పడానికి చచ్చేవాళ్లం."

"గట్టిగ బిగియ్యకపోతే నీళ్లల్ల దిగుతదా అది? లోపల కూసున్నోళ్లు మన పోరగాళ్లే గద," అన్నారాయన.

పెరుగన్నం అయ్యేదాకా సీళ్లు, టార్షన్ బార్లు, వెల్డింగులే మాట్లాడుకున్నాం. ఆయన ఆ బండి ఎడారిలో పరుగెత్తడం ఎప్పుడూ చూడలేదు, నేను అది పుట్టే షెడ్డు ఎప్పుడూ చూడలేదు. స్పేర్ ఏ ఊరి నుంచి రావాలన్న ప్రశ్నకు జవాబు మన జిల్లా పేరైతే ఎంత ధైర్యమో ఆ రోజు ఆయన ముఖంలో చూశాను.

ట్రాకుల బళ్ల గురించే రాస్తూ లారీలను వదిలేస్తే తప్పు. సైన్యం అన్నం తినేది, గుళ్లు కాల్చేది లారీల వల్లే. మా ముందు తరం వాళ్లకు శక్తిమాన్. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారై, 1990ల నడిమి దాకా బయటికొచ్చింది. తర్వాత అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా టూ-అండ్-ఎ-హాఫ్ టన్. చిన్న బళ్లలో జబల్‌పూర్ జోంగా పోయి మారుతి జిప్సీ వచ్చింది. జిప్సీ గురించి ఏ జవానైనా ప్రేమగానే మాట్లాడతాడు. బరువు టన్నుకు అటూ ఇటూ, ఇరుక్కుంటే నలుగురు పట్టి తోసేయొచ్చు, పెట్రోలు ఇంజను కాబట్టి మంచులోనూ తొందరగా లేచేది.

మంచు అంటే లద్దాఖ్. బళ్లకు అంతకంటే కఠినమైన చోటు మన దేశంలో లేదు. గాలి పలచన కాబట్టి ఇంజను బలం తగ్గుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది, మామూలు డీజిల్ చిక్కబడి పైపుల్లో నడవనంటుంది. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం 2019 నవంబర్లో తెచ్చింది. అంతకుముందు గడిపిన చలికాలాలు గుర్తొస్తే ఆ వార్త ఎంత పెద్దదో మాబోటివాళ్లకు తెలుస్తుంది. రాత్రంతా వంతులేసుకుని లేచి ఇంజను కాసేపు నడిపి ఆపేవాళ్లం.

అంత ఎత్తుకు కవచం బళ్లు ఎక్కించడం మనకు కొత్త కాదు. పాకిస్తాన్‌తో తొలి యుద్ధంలో, 1948 నవంబర్ 1న జోజిలా కనుమలో, పదకొండున్నర వేల అడుగుల ఎత్తున, 7 కావల్రీ రెజిమెంట్ స్టూవర్ట్ ట్యాంకులు ప్రత్యక్షమయ్యాయి. జనరల్ తిమ్మయ్య ప్లాను. దారిలో ఎవరికీ తెలియకూడదని టరెట్లు విప్పి తెచ్చారు. కనుమ దాకా ట్యాంకు నడిచే దారి చేసింది సైనిక ఇంజనీర్లైన మద్రాస్ సాపర్లు. మన తెలుగువాళ్లు మొదటి నుంచీ ఉన్న దళం అది. టరెట్లు విప్పి మళ్లీ ఎక్కించిన చేతులు ఎవరివో ఏ ఫొటోలోనూ కనబడవు, నాకు మాత్రం ఆ చేతులే కనబడతాయి.

2020లో చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత వాయుసేన విమానాలు దాదాపు 90 ట్యాంకుల్ని, 330 బీఎంపీల్ని తూర్పు లద్దాఖ్‌కు చేర్చాయని తర్వాత పత్రికల్లో వచ్చింది. అప్పటికి నేను ఇంట్లో ఉన్నాను. టీవీలో ఆ బళ్లు మంచు నేల మీద తిరుగుతుంటే మా ఆవిడ పిలిచినా పలకలేదు. ఆ 330లో నా రెంచి పడినవి ఉండే ఉంటాయి. స్టార్ట్ అవుతున్నాయా, గాలి సిలిండర్ నింపారా, సీళ్లు ఎలా ఉన్నాయి అని మనసు అక్కడే ఉంది.

ఆ ఏడాది జూన్‌లోనే ఇంకో 156 బీఎంపీ-2ల కోసం ఎద్దుమైలారానికి 1,094 కోట్ల ఆర్డరు ఇచ్చారు. ఫ్యాక్టరీకి పని దొరికిందని సంతోషించాను. కానీ 1980ల బండిని ఇంకెన్నాళ్లు నడిపిస్తాం? దీని స్థానంలో కొత్త ఇన్‌ఫాంట్రీ కంబాట్ వెహికల్ చేయాలన్న మాట పదేళ్లకు పైగా నలుగుతూనే ఉంది. ఈలోపు పాత వాటికి రాత్రిపూట చూపు, ఇంకాస్త బలమైన ఇంజను ముందు ఇవ్వాలని నా అభిప్రాయం. రాత్రి చూపు లేని బండి కవచం ఎంత మందంగా ఉన్నా గుడ్డిదే.

కొత్త బండి గీస్తున్నవాళ్లలో తెలుగు ఇంజనీర్లు తప్పకుండా ఉంటారు. ఎవరైనా ఇది చదివితే నా కోరికలు రాసి పెట్టుకోండి. డీజిల్‌ను జవాన్ల వీపుల దగ్గర నుంచి, తలుపుల్లోంచి తీసేయండి. కింద పొట్టను మైన్ దెబ్బ పక్కలకు చీలిపోయేలా మలచండి. కప్పు మీద డ్రోన్‌కు జవాబు పెట్టండి. ఇంజను, గేర్‌బాక్సు ఇప్పటిలాగే ఒకే ముద్దగా పైకి వచ్చేలా ఉంచండి, గాలితో స్టార్ట్ అయ్యే ఏర్పాటు తీసేయకండి. డ్రెయిన్ ప్లగ్గులు మందపాటి గ్లౌజు వేసుకున్న చేతికి అందేచోట పెట్టండి. డిజైన్ ఖరారు చేసేముందు ఒక ఎల్‌ఏడీ మెకానిక్‌ను పిలిచి, టార్చి వెలుగులో దాని ట్రాక్ విప్పి బిగించమని చెప్పి పక్కన నిలబడి చూడండి.

కుర్రాళ్లకు చెప్పేది కూడా ఇదే. అందరూ జీడీకే, అదే జనరల్ డ్యూటీకే పరుగెత్తకండర్రా. ఐటీఐ డీజిల్ మెకానిక్, ఫిట్టర్, వెల్డర్ చేసినవాళ్లు టెక్నికల్‌కు రాయండి. సెలక్ట్ అయితే నా దగ్గరికి రండి, ఎయిర్ క్లీనర్ ఎలా విప్పాలో ముందే చెప్పి పంపిస్తాను.